కొండ దిగిన దీపం

ఆశ్వయుజ బహుళ తదియ

జుబేదా డాక్టరమ్మ రాయమంది కాబట్టి రాస్తున్నాను. లేకపోతే నాకు రాతలెందుకు, నోరుందిగా.

"భయం వేసినప్పుడల్లా కాగితం మీద పెట్టండి వీరవేణిగారూ. లోపల కుక్కుకుంటే రక్తపోటు పెరుగుతుంది. మీకు పెరగకూడదు" అంది. సరేనని తిథి వేసి మొదలుపెట్టాను. ఈ నీళ్ళ ఊరిలో తారీఖులతో పనేముంది? నీళ్ళు ఎక్కే పోటూ, దిగే పాటూ వచ్చేది తిథిని బట్టే.

సంగతేమిటంటే, దగ్గు తగ్గడం లేదని ఆస్పత్రి పడవ ఎక్కాను. అద్దం ముందు నిలబెట్టారు. అద్దమంటే బొట్టు దిద్దుకునేది కాదు, మనిషి లోపల ఉన్నదంతా చూపించేది. దగ్గుకి కారణం ఏమీ కనిపించలేదంది డాక్టరమ్మ. అంతటితో ఇంటికి పంపిస్తే ఎంత బాగుండేది! మళ్ళీ ఒకసారి నిలబడమంది. ఆ రెండోసారి ఆవిడ ముఖం చూసేసరికే ఏదో ఉందని తెలిసిపోయింది.

గుండెలోంచి బయల్దేరే పెద్ద రక్తనాళం ఒకటి ఉంటుందట. అది నాకు ఛాతీలో ఒకచోట ఉబ్బిందట. నాలుగు పాయింట్ ఆరు సెంటీమీటర్లు. అయిదున్నర దాకా వస్తే మెట్టకి, అదే గట్టి నేల మీదకి, తీసుకెళ్ళి కోస్తారు. అప్పటిదాకా కొయ్యరు, ఎందుకంటే ఇప్పుడు ఉబ్బు వల్ల ఉన్న ప్రమాదం కంటే కోత వల్ల ఉన్న ప్రమాదమే ఎక్కువట. ఆరు నెలలకి మళ్ళీ చూస్తారు. అంతవరకూ దాన్ని లోపల పెట్టుకుని తిరగాలి.

"అంటే డాక్టరమ్మా, మన ఇళ్ళ కింద గాలి ట్యూబులు ఎండకి ఒకచోట పొంగుతాయే, అలాగా?"

"దాదాపు అలాగే."

ఆ మాట అనకపోతే పోయేది తల్లీ. మా ఇల్లు తేలేదే ఆ ట్యూబుల మీద. పొంగిన ట్యూబు ఏమవుతుందో నాకు తెలియదా? నా ముఖం చూసి ఆవిడ సర్దుకుని, "చాలామందికి ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోతుంది, ఏమీ కాదు" అంది. ఆ రెండో మాట చెవికెక్కలేదు, మొదటిదే ఎక్కింది.

బరువులెత్తకూడదు. ఊపిరి బిగపట్టి ఏదీ లాగకూడదు. మాత్ర మానకూడదు. నడవొచ్చు, వండుకోవచ్చు, నవ్వొచ్చు. ఛాతీలోనో వీపులోనో చీల్చినట్టు నొప్పి వస్తే మాత్రం వెంటనే పడవకి కబురు పెట్టాలి. ఒంటరిదాన్ని, ఎవరు పెడతారు అన్నాను.

"మీకేం, దీపం ఉందిగా. ఏ తేడా వచ్చినా మీ ఇళ్ళ వరసంతా చూస్తుంది" అంది డాక్టరమ్మ. ఆవిడకేం తెలుసు, నా ఏడుపంతా ఆ దీపంతోనే.

ఆశ్వయుజ బహుళ షష్ఠి

పొద్దున్నే దీపాలు తుడిచాను. మూడో వరసలో దీపాల పని నాది. ఉప్పు గాలికి గాజు మీద తెల్లగా పొర కడుతుంది. మంచినీళ్ళలో ముంచిన గుడ్డతో తుడిచి, అడుగున మూత విప్పి, తుప్పు గీకి, మళ్ళీ బిగించాలి. ప్రతి గుమ్మం పక్కనా మనిషికొక దీపం ఉంటుంది. మన చేతి కడియం నాడి పట్టుకుని దీపానికి చెబుతుంది, దీపం ఆ లెక్కన వెలిగి తగ్గుతూ ఉంటుంది. పెద్ద ఉప్పెన తర్వాత పెట్టుకున్న ఏర్పాటు ఇది. ఆ ఉప్పెనలో మూసిన తలుపుల వెనక ఎవరు బతికున్నారో తెలియక, బతికున్నవాళ్ళని కూడా వదిలేసి వచ్చారట మా పెద్దలు. అప్పుడు పడిన బెంగ ఇన్ని తరాలైనా పోలేదు.

అందుకే మా వాళ్ళు మనిషిని నడకను బట్టి కాదు, నాడిని బట్టి పోలుస్తారు. పిల్లల దీపాలు గబగబా, ముసలివాళ్ళవి నింపాదిగా. కోపం, జ్వరం, కల్లు, అబద్ధం, ఏదీ దాగదు. పక్కింటి దయామణి మొగుడు పేకాటలో కూర్చున్నాడో లేదో, ఆయన రేవు దాటకముందే ఆవిడకి తెలిసిపోతుంది.

నా దీపం తుడుస్తుంటే ఇంటి కింద ట్యూబు కిర్రుమంది. అంతే, గుండె గుభేలుమంది. కళ్ళెదుట దీపం టపటపా కొట్టుకుంది. దాన్ని చూసి నాకు ఇంకా భయం, నా భయం చూసి దానికి ఇంకా వేగం. దయామణి జీలకర్ర నీళ్ళతో పరిగెత్తుకొచ్చింది. వెనకాల వరసలో సగం మంది.

"ఏంటే వీరవేణీ, నొప్పొచ్చిందా? పడవని పిలిచెయ్యమంటావా?"

"ఏమీ లేదొదినా. నువ్వెళ్ళు."

"ఏమీ లేకపోతే దీపం అలాగ కొట్టేసుకుంటాదేంటే!"

అందరూ గుమ్మం ముందు నిలబడి దీపాన్నే చూస్తున్నారు. నన్ను చూసేవాళ్ళు ఒక్కరూ లేరు. పూటకోసారి ఇదే తంతు. సిగ్గుతో చచ్చిపోతున్నాను. నా భయం నాది, దాన్ని వీధిలో వేలాడదీసి అందరికీ చూపించడమేమిటి? గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదే.

రానిది ఒక్క మా అత్త సత్తెమ్మే. వరస చివర ఆవిడ ఇల్లు. కొన్నేళ్ళ క్రితం మా ఆయన ధర్మారావు జ్వరం తిరగబెట్టి పోయినప్పుడు ఆవిడ మెట్టలో చెల్లెలి కూతురి పెళ్ళికి వెళ్ళి ఉంది. మామూలు జ్వరమే కదా, పెళ్ళిలో ఉన్న ఆవిణ్ణి కంగారు పెట్టడమెందుకని నేను కబురు పంపలేదు. ఆవిడ తిరిగొచ్చేసరికి అన్నీ అయిపోయాయి. ఆనాటి నుంచి ఎదురుపడితే "అన్నం తిన్నావా" అంటుంది. "తిన్నాను" అంటాను. అంతకు మించి మా మధ్య మాటల్లేవు.

ఆశ్వయుజ బహుళ త్రయోదశి

ఇప్పుడు దేనికి భయపడుతున్నానో రాస్తాను. తుమ్ముకి. మలబద్ధకానికి. మెట్లకి. చేప కడిగేటప్పుడు వంగడానికి. మధ్యాహ్నం ఓ చెవి దిండుకి ఆనించి పడుకుంటే లోపల ధబ్ ధబ్ మని వినిపిస్తుంది. ఎవరో లోపలి నుంచి తలుపు కొడుతున్నట్టే ఉంటుంది. ఇటు తిరిగితే ఆ చెవిలో. వెల్లకిలా పడుకుంటే పొట్టలో. నా ఒంట్లోనే నాకు చోటు లేకుండా పోయింది.

డాక్టరమ్మ ఇచ్చిన మాత్ర వేసుకుంటున్నాను. నెమ్మదిగా ఊపిరి వదలడం నేర్పింది, అదీ చేస్తున్నాను. కాసేపు పనిచేస్తుంది. అంతలో గుమ్మం బయట "అదిగో, మళ్ళీ మొదలైంది" అని ఎవరో అంటారు, చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరవుతుంది.

నిన్న మా వరసలోని సూరన్న తాత దీపం కొండెక్కింది. మా వాళ్ళు దీపం ఆరింది అనరు. ఆ మాట నోట రానివ్వరు. దేవుడి దగ్గర వత్తి అయిపోయినా, మనిషి నాడి ఆగినా కొండెక్కిందనే అంటారు. కంటిచూపు మేర నీళ్ళే. కొండ అనేదాన్ని ఈ వరసలో చూసినవాళ్ళు లేరు. అయినా మాట మిగిలింది.

కడియం విప్పడం, దీపంలోంచి గింజ తీయడం నా పనే. గింజ అంటే చింతగింజంత ఉంటుంది. మనిషి చివరి పగలూ రాత్రీ కొట్టుకున్న నాడి అందులో నిలిచిపోతుంది. పదకొండో రోజున, పాటుకి వెనక్కి తీసే నీళ్ళలో దాన్ని వదిలేయాలి. దాచుకోకూడదు. కొండెక్కిన దీపాన్ని దించకూడదు అంటారు. ఎందుకు దించకూడదో ఎవరూ చెప్పరు, పెద్దలన్నారు కాబట్టి అంటారు.

ధర్మారావు గింజ నా దగ్గరే ఉంది. పోపుల డబ్బాలో, మెంతుల గిన్నె కింద. పదకొండో రోజు నేను నీళ్ళలో వదిలింది చింతగింజ.

కార్తీక శుద్ధ చవితి

చేసేశాను. పొద్దున దీపాలు తుడిచే నెపంతో నా దీపం మూత విప్పి, కడియం మాట దానికి చేరకుండా చేసి, ధర్మారావు గింజ పెట్టాను. దీపాల పని చేసేదానికి అదొక పనా!

దీపం ఒక్క క్షణం తడబడి, వెలిగింది. నింపాదిగా, ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి, ఇంకొకటి, చిన్న ఆగుడు, మళ్ళీ ఒకటి. ఆ ఆగుడు ఆయనకి పుట్టుకతో వచ్చింది. గుండె నాలుగడుగులు వేసి ఏదో మరిచిపోయినట్టు నిలబడేది. పెళ్ళైన కొత్తలో దాన్ని విని హడలిపోతే, "నువ్వేమన్నావో విందామని ఆగిందే" అనేవాడు. ఇంత ధైర్యస్తుడు ఎలా పోయాడో.

ఒక్కటి జాగ్రత్త పెట్టుకోవాలి. గింజ చివర ఆయన పోయిన గడియ ఉంది. అక్కడిదాకా పోనిస్తే దీపం ఆయన చావు చూపిస్తుంది. జ్వరం తిరగబెట్టి పోయింది సాయంత్రం, గింజ ఏ వేళ నాడిని ఆ వేళకే వెలిగిస్తుంది. కాబట్టి రోజూ పొద్దు వాలేలోగా దీపం అడుగున చక్రం వెనక్కి తిప్పి, మళ్ళీ మొదటి నుంచి నడపాలి. మరిచిపోయే పనా ఇది? మరిచిపోను.

సాయంత్రం ట్యూబు మళ్ళీ కిర్రుమంది. నా గుండె అదిరింది. బయట దీపం మాత్రం చెక్కుచెదరలేదు. జీలకర్ర నీళ్ళు రాలేదు. తలుపు వేసుకుని, నా ఇష్టం వచ్చినంతసేపు వణికాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

కార్తీక శుద్ధ అష్టమి

వరసకి తెలిసిపోయింది. తెలిసిందంటే నేను చేసిన పని తెలిసిందని కాదు. అంతకంటే విడ్డూరం.

దయామణి నిన్న గుమ్మం బయటే నిలబడి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, గుసగుసగా అంది.

"ఒకమాట అడుగుతాను, ఏమీ అనుకోకు. మీ ఆయన వచ్చాడు కదూ?"

"ఎక్కడికి?"

"నా దగ్గర దాస్తావేంటే! ఆ ఆగుడు ఎవరిదో వరసలో పసిపిల్లకి కూడా తెలుసు. నీకు బాగోలేదని తోడొచ్చి నీ ఒంట్లో ఉన్నాడు. పుణ్యాత్ముడు. ఇంక నీకేం భయం లేదే వీరవేణీ. మేమొచ్చి మధ్యలో అడ్డం పడకూడదు."

నిజం చెబితే, పదకొండో రోజు మోసం చేసినట్టు ఒప్పుకోవాలి. వరసలో ఇంకెవరైనా దీపాల పని నా చేతికిస్తారా? ఊరుకుంటే, పోయిన మనిషి నాలో ఉన్నాడని నమ్ముతారు. ఊరుకున్నాను.

ఈ పొద్దున గుమ్మం ముందు ఆకులో అన్నం, వేయించిన ఎండు నెత్తళ్ళు. ఆయనకిష్టం. ఎవరు పెట్టారో తెలియదు. జనం మా ఇంటి ముందు అడుగు తీసి అడుగు వేస్తూ, దీపానికి దణ్ణం పెట్టుకుని పోతున్నారు. ఎవరూ లోపలికి రావడం లేదు. కోరుకున్నది ఇదే కదా, మరి ఈ గుబులేమిటి?

ఆయన వెలుగు కిటికీలోంచి వచ్చి గోడ మీద పడుతుంది. అన్నం కలుపుకుంటూ దాన్నే చూస్తాను. ఇవాళ తెలియకుండానే, "ఉప్పు సరిపోయిందా?" అని అడిగేశాను. నాలుగడుగులు వేసి ఆగింది వెలుగు. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. వింటున్నాడనిపించింది.

కార్తీక శుద్ధ దశమి

మా అత్త వచ్చింది.

పొద్దువాలే వేళ, నేను చక్రం తిప్పి లోపలికి వచ్చిన కాసేపటికి. గుమ్మం ఎదురుగా, ఇళ్ళని కలిపే నడక పలక మీద కూర్చుంది. కాళ్ళు నీళ్ళ వైపు వేలాడేసి, ముఖం నా గుమ్మం వైపు తిప్పి. పలకరించలేదు. దీపం మీద నుంచి చూపు తిప్పలేదు. చీకటి పడేదాకా ఉండి, "అన్నం తిన్నావా?" అంది.

"తిన్నానత్తా."

"ఏం కూర?"

"పులుసు."

వెళ్ళిపోయింది. కూర ఏమిటని ఆవిడ నన్ను అడిగి ఎన్నేళ్ళయిందో.

పై ప్రాణాలు పైనే పోయాయి నాకు. అందరూ అనుకున్నట్టు ఆవిడా అనుకుంటోంది. కొడుకు నాడి చూసుకోవడానికి వచ్చింది. ఆ రోజు కడసారి చూపు దక్కని తల్లికి ఈ దొంగ దీపం చూపిస్తున్నాను. పాపిష్టిదాన్ని.

కార్తీక శుద్ధ త్రయోదశి

రోజూ వస్తోంది. నిన్న వాన జల్లు పడినా నెత్తిన చాప వేసుకుని కూర్చుంది. లోపలికి రమ్మంటే, "ఇక్కడ బాగానే ఉంది" అంది. పోయేముందు తప్పకుండా ఒక ప్రశ్న. మాత్ర వేసుకున్నావా. దగ్గు తగ్గిందా. నేను ఏదో ఒకటి పలికేదాకా లేవదు. నేను పలకగానే మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచి పోతుంది.

ఈ రాతలు డాక్టరమ్మ కోసం కాబట్టి భయం రాయాలి. ఇవాళ్టి భయం ఇది. నాలో ఉన్నది పగిలితే నేను పోతాను, దీపం మాత్రం వెలుగుతూనే ఉంటుంది. గుమ్మం ముందు ఆకులో నెత్తళ్ళు పెట్టి దణ్ణం పెట్టుకుని పోతూ ఉంటారు. లోపల నేను చల్లబడి ఉంటాను. ఉప్పెన నాడు తలుపుల వెనక మిగిలిపోయినవాళ్ళ గురించి చిన్నప్పుడు కథలు వింటే నాకు జ్వరం వచ్చేది. ఇప్పుడు నా చేతులారా నేనే ఆ తలుపు వేసుకున్నాను.

గింజ తీసేయాలి. తీసేస్తే ఆవిడ రేపు వచ్చి కూర్చుని, కొడుకు మళ్ళీ పోయాడని చూస్తుంది. ఒకసారి చేసిన ద్రోహం చాలదా? పౌర్ణమి దాటాక తీస్తాను.

కార్తీక బహుళ విదియ

ఇది ఆస్పత్రి పడవలో రాస్తున్నాను. పడుకుని రాయడం వల్ల అక్షరాలు కుదరడం లేదు.

పౌర్ణమి పోటు ఈసారి చాలా ఎక్కువగా వచ్చింది. మధ్యాహ్నానికి మా ఇంటి తాడు వదులై, ఇల్లు పక్కకి జరిగి, దయామణి ఇంటి అంచుకి కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఇదివరకైతే ఆవిడే పరుగున వచ్చి తాడు పట్టేది. పిలిచాను. కిటికీలోంచి చూసి, నా దీపానికి దణ్ణం పెట్టి, "మా ఆయన రాగానే పంపుతానే, నాకు భయంగా ఉందే" అంది. నా మీద నాకే ఒళ్ళు మండింది. నేనే లాగాను. ఊపిరి బిగపట్టి లాగాను. రెండు రెక్కల మధ్య వీపులో కత్తి దిగినట్టయింది.

ఎలాగో లోపలికి వచ్చి నేల మీద పడ్డాను. ఇదేనా అది? ఇదేనా? అరుద్దామంటే గొంతు రాలేదు. అరిస్తే పగులుతుందేమోనని భయం, అరవకపోతే చస్తానని భయం. చేతి కడియం నా నాడిని దీపానికి చెబుతూనే ఉండి ఉంటుంది, దీపానికి చెవులు నేనే మూశాను. గోడ మీద ఆయన వెలుగు పడుతోంది. ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి, ఇంకొకటి, ఆగుడు. నేను పోతున్నానని ఆయనకి కూడా తెలియలేదు. బయట పలక మీద ఎవరివో అడుగులు. "బాగానే ఉంది దీపం" అని మాట. అడుగులు వెళ్ళిపోయాయి. ఆ అడుగులు దూరమవుతున్నప్పుడు కలిగిన భయం ముందు అద్దంలో చూసిన ఉబ్బు ఏపాటిది!

ఎంతసేపు పడున్నానో తెలియదు. పొద్దు వాలుతుండగా అత్త గొంతు.

"వీరవేణీ."

పెదవులు కదిపాను, మాట రాలేదు.

"ఏమే, పలకవేంటే?"

పక్క కిటికీలోంచి దయామణి, "దీపం బాగానే ఉందిగా పిన్నీ, పడుకుందేమో" అంది.

"దీపం సంగతి నాకు చెప్పకు. అది దాని దీపం కాదు!"

తలుపు ఒక్కసారి ఊగింది. రెండోసారికి గడియ ఊడి ఇంట్లో పడింది. ఆ వయసులో ఆ భుజానికి అంత సత్తువ ఎక్కడిదో. నన్ను చూసి ఏడవలేదు, కేకలు పెట్టలేదు. పక్కన కూర్చుని నా తల ఒళ్ళో పెట్టుకుని, "పడవని పిలవండే" అని అరిచింది. ఆ తర్వాత నాతో, "ఊపిరి వదులు. నాతోపాటు అను, హైలెస్సా. తాడు లాగేటప్పుడు నోరు మూసుకుని లాగుతారా ఎవరైనా, పిచ్చిదానా" అంది.

పడవలో పడుకోబెట్టారు. రేవు దాటుతుంటే మా వరస దీపాలన్నీ కనిపిస్తున్నాయి. చివరికి అడిగాను.

"నీకు తెలుసా అత్తా?"

"కడుపులో మోసినప్పట్నించీ ఎరుగుదునే ఆ ఆగుడు. నాకు తెలీదా?"

"ఆయన్ని చూసుకోవడానికే వస్తున్నావనుకున్నాను."

ఆవిడ నా వైపు వింతగా చూసింది. "వాడు పోయాడు కదే. పోయినోణ్ణి చూడ్డానికి రోజూ ఎందుకొత్తాను? అది నీ దీపం కాదని తెలిసిపోయాక, లోపల నువ్వున్నావో లేవో ఎవరు చూడాలి మరి? వీళ్ళా? నువ్వు పలికేదాకా కూచోడం, పలికాక పోడం. అంతే."

ఏడుపు ముంచుకొచ్చింది. ఏడిస్తే రక్తపోటు పెరుగుతుందని ఆవిడే కసిరింది.

అప్పుడు చూశాను. దూరంగా, నా గుమ్మం పక్కన దీపం వేగం అందుకుంది. చక్రం తిప్పలేదు. నేల మీద పడున్నాను కదా, తిప్పలేదు. ఆయన జ్వరం చివరికి వచ్చింది.

"అత్తా, అటు చూడకు. నీకు దణ్ణం పెడతాను, చూడకు."

ఆవిడకి అర్థమైంది. అరచెయ్యి తెచ్చి నా కళ్ళ మీద పెట్టింది. ఉప్పు చేపల వాసన, తడి.

"నువ్వు చూడకు. నీకు మంచిది కాదు."

"నువ్వు కూడా..."

"నేనారోజు లేనుగా" అంది.

నాకు చీకటి. ఆవిడ చెయ్యి మాత్రం నా కళ్ళ మీద దీపంలాగే కొట్టుకుంటోంది. వేగంగా, ఇంకా వేగంగా, ఒక ఆగుడు, పెద్ద ఆగుడు. వరస వైపు నుంచి ఒక్కసారిగా జనం గగ్గోలు వినిపించింది. ఆవిడ చెయ్యి తీయలేదు. చాలాసేపటికి, తనకి తాను చెప్పుకున్నట్టు, "కొండెక్కింది" అంది.

కార్తీక బహుళ షష్ఠి

మొన్న ఇంటికి వచ్చాను. పంపే ముందు పడవలో అద్దంలో చూశారు. నాళం చీలలేదు. వీపులో కండరం పట్టేసింది, దానికి భయం తోడైంది. కొలత నాలుగు పాయింట్ ఏడు. పెరిగిందా అని గావుకేక పెట్టాను. అంత చిన్న తేడా కొలతలో రావడం మామూలేనంది జుబేదా డాక్టరమ్మ. ఈ రాతలు చదివి తల పట్టుకుంది.

"భయపడొద్దని నేను అనలేదు కదండీ వీరవేణిగారూ. భయపడుతూనే బతకొచ్చు. దాచుకుని బతకడమే కష్టం" అంది. దీపం సంగతికి మాత్రం బాగా చీవాట్లు పెట్టింది. పడ్డాను.

వరసంతా పలక మీద కూర్చోబెట్టి నిజం చెప్పాను. దయామణి మూడు రోజులు మాట్లాడనంది, మర్నాడే జీలకర్ర నీళ్ళు తెచ్చింది. నెత్తళ్ళు ఎవరు పెట్టారని అడిగితే ఒకరినొకరు వేలు పెట్టి చూపించుకున్నారు. దీపాల పని నాకే ఉంచాలా వద్దా అని గొణుగుళ్ళు లేచాయి. మా అత్త లేచి, "మా ఇంటి గింజ, మా ఇంటి దొంగతనం. మీ గింజలు తియ్యలేదుగా?" అంది. గొణుగుళ్ళు ఆగాయి.

గింజని ఇవాళ పాటు నీళ్ళలో వదిలాము. నేను ఆవిడ చేతిలో పెట్టాను. మెంతుల వాసన వస్తోందని ముక్కు దగ్గర పెట్టుకుని కొంచెం నవ్వింది. ఉంచుకుంటావా అత్తా అని అడిగాను, ఎవరికీ చెప్పను అన్నాను. తల అడ్డంగా ఊపింది.

"కొండెక్కిన దీపాన్ని దించకూడదమ్మా. ఎక్కినోడు మళ్ళీ దిగాలి, మళ్ళీ ఎక్కాలి. ఎన్నిసార్లని? వాడికి అలుపొత్తాది" అంది. చెయ్యి నీళ్ళలో పెట్టి వేళ్ళు విప్పింది.

నా దీపానికి నా కడియం కలిపేశాను. ఇది రాస్తుంటే పొద్దు వాలుతోంది. కింద ట్యూబు కిర్రుమంటోంది. లోపల ఉన్నది ఉన్నట్టే ఉంది, ఇవాళో రేపో ఏళ్ళ తర్వాతో తెలియదు. దీపం టపటపా కొట్టుకుంటోంది. దయామణి కిటికీ తెరిచిన చప్పుడు వినిపించింది.

అత్త తన మంచం తెచ్చి నా గుమ్మం ఎదురుగా పలక మీద వేసుకుంది. ఇంత వేగంగా కొట్టుకునే దీపం ఎదురుగా నిద్ర ఎలా పడుతుందత్తా, నీ ఇంటికి పో అన్నాను.

"కొట్టుకోనీ. అది కొట్టుకుంటున్నంతసేపూ నాకు నిద్ర పడతాది. పులుసు మిగిలిందా?" అంది.

గిన్నె తీసుకెళ్ళి ఇచ్చి వచ్చాను. గోడ మీద వెలుగు పడుతోంది. నాలుగడుగులయ్యాక ఆగుతుందేమోనని ఇప్పటికీ ఊపిరి బిగపట్టి చూస్తాను. ఆగదు. అది నాదే. గుర్తొచ్చి ఊపిరి వదులుతాను.